ఈగకు చుట్టములు, పగవారు



పూర్వమొక లేఖకుడు తాళపత్ర గ్రంథమునకు ప్రతి వ్రాయుచుండెనట. మూలమున నొకచోట ఈగ యొకటి యంటుకొని చచ్చియుండెను. అతడు తన ప్రతిలోను సరిగా నదే స్థలమున మఱియొక ఈగను చంపి యంటించెనట. "మక్షికాస్థానే మక్షికా" అను మాటకు ఈ కథ చెప్పుదురు. మనవారు దానినే "మక్కికి మక్కి" యందురు. 35 ఏండ్లు బడిలో వ్యాకరణము చెప్పిన నేను, చూచి వ్రాసిన విద్యార్థులపై ఈ మాటను పలుమాఱులు ప్రయోగించితిని. అయితే ఈగనుగూర్చి మనలో పెక్కుమంది యెఱిగినది ఆ లేఖకుడెఱిగినంతయే. కనబడిన కొట్టుదుము. అది దేనిని ఆశ్రయించి బ్రదుకుచున్నది, దానిని ఆశ్రయించి బ్రదుకువారెవరు అని యడుగము. నేటి నా ప్రసంగమునకు ఆ ప్రశ్నయే విషయము.

మొదట పేరు. తెలుగున తేనెటీగ, కందిరీగ, జోరీగ అన్నియు ఈగలే. శాస్త్రజ్ఞులు ఱెక్కలు లెక్కించి యీ కుటుంబమును విడదీసిరి. తేనెటీగకును కందిరీగకును నాలుగు ఱెక్కలు. ఇంటి ఈగకును జోరీగకును రెండే. వెనుకటి ఱెక్కల జత చిన్న బుడిపెలుగా మాఱి, ఎగురునపుడు తూకము తప్పకుండ కాపాడును. ఇంటి ఈగకు 1758లో లిన్నేయసు పండితుడు "మస్కా డొమెస్టికా" యని పేరిడెను. అనగా గృహమక్షికము. మనుష్యుడున్న చోటనెల్ల అదియు నుండును గనుక ఆ పేరు సార్థకము.

ఆడుఈగ తడవకు 75 మొదలు 150 వఱకు, తన జీవితమున సుమారు 500 గ్రుడ్లు పెట్టును. పేడ, కోళ్ల పెంట, కుళ్లిన కూరగాయలు దానికి పురిటిండ్లు. వెచ్చని దినములలో ఒక్క రోజు గడవకమునుపే గ్రుడ్డు చితికి తెల్లని పురుగు వెడలును. ఆ పురుగునకు పేడ యొక్కటియే చాలదు. పేడలోని సూక్ష్మజీవులు కావలెను. అవి లేనిచో అది పెరుగజాలదు. అది వానిని తినుచు, పేడను తొలిచి గుల్లచేయుచు, కుళ్లిన పదార్థము మరల మన్నగుటకు తోడ్పడును. పిమ్మట గోధుమవన్నె గూటిలో నిద్రించి, ఈగయై వెలికి వచ్చును. మన వేసవిలో ఇదియంతయు పది దినములలో ముగియవచ్చును. దిబ్బమీద నున్నంతకాలము అది మనకు పాకీపని చేయు సేవకుడే.

చిక్కు వచ్చునది అది దిబ్బనుండి విస్తరికి వచ్చినపుడు. ఈగకు కొఱుకుటకు పండ్లు లేవు. బెల్లపు ముక్కపై వ్రాలి, తన ఉమ్మిని దానిపై కక్కి, కరగిన రసమును పీల్చుకొనును. కాళ్ల రోమములకు అంటిన మలినమును అచ్చటనే వదలును. విరేచనములు, సన్నిపాత జ్వరము కలిగించు సూక్ష్మజీవులు ఈ విధముగా పసిపిల్లల కంచములలోనికి ప్రయాణము చేయును. ఇజ్రాయెలు దేశమున సైనిక శిబిరములలో ఎఱపెట్టిన బోనులతో ఈగలను తగ్గింపగా రక్తవిరేచనములు మిక్కిలి తగ్గినవని 1991లో వైద్యులు ప్రకటించిరి. కావున ఈగను ఉపేక్షింపుడని నేను చెప్పుట లేదు.

మఱి దాని పగవారెవరు? బల్లియు, గోడపై దుమికి పట్టు ఈగపులి యను సాలీడును మనకు తెలిసినవే. తెలియనివి దిబ్బలోనే యున్నవి. ఆవగింజకన్న చిన్నదగు నల్లిజాతి పురుగొకటి ఈగ శరీరమును పట్టుకొని, దానినే వాహనముగా చేసికొని క్రొత్త పేడకు చేరును. చేరి, తనను మోసిన ఈగ పెట్టిన గ్రుడ్లనే తినును. రోజునకు 20 వఱకు తినగలదు. నల్లని చిన్న పెంకుపురుగులును గ్రుడ్లను, పిల్లలను భక్షించును. కందిరీగకు దూరపు చుట్టమైన సన్నని కీటకమొకటి పేడలో దూరి, నిద్రించు ఈగ గూటిని పొడిచి లోపల తన గ్రుడ్డు పెట్టును. ఆ గూటినుండి వెలువడునది ఈగ కాదు, ఆ కీటకమే. ఈగను పట్టి చంపు బూజు మఱియొకటి కలదు. అది సోకిన ఈగ సాయంకాలమున ఎత్తైన చోటికెక్కి, ఱెక్కలు విప్పుకొని చచ్చును. దాని దేహమునుండి తెల్లని బీజములు చిమ్మి క్రిందనున్న ఈగలపై పడును.

ఇక మన మందుల సంగతి. డి.డి.టి. కీటకములను చంపునని 1939లో పాల్ ముల్లరు కనుగొనెను. అందులకు 1948లో నోబెలు బహుమానము వచ్చెను. ఆ బహుమానము రాకమునుపే, 1946లోనే, స్వీడను దేశపు ఈగలు ఆ మందునకు లొంగుట మానినవి. మందునకు చావని కొలదియే బ్రదికి సంతానమును కనెను. నల్లులును, సన్న కీటకములును చచ్చినచోట ఈగకు అడ్డు లేకపోయెను.

మా యూరి చెంత నొక కోళ్ల షెడ్డు కలదు. యజమాని నేలవఱకు పెంట నూడ్చి మందు చల్లించెడివాడు. మూడు వారములు తిరుగకమునుపే ఈగలు ఊరిమీద పడెడివి. అన్నము తినుటకు దీపము ఆర్పి కూర్చుండవలసి వచ్చెడిది. ఊరివారికిని ఆయనకును మాటలు మిగులలేదు. తుదకు పశువైద్యుడొకరు చెప్పగా, కాఱుచున్న నీటి గొట్టములు బాగుచేయించి, పెంటను ఒకేసారి గాక భాగములుగా తీయించి, అడుగున ఎండిన ప్రాత పొరను విడిచిపెట్టెను. ఆ పొరయే ఈగ పగవారి కాపురము. ఈగలు పోలేదు గాని, దీపము వెలిగించుకొని భోజనము చేయుచున్నాము.

మన యిండ్లకును సూత్రమిదే. పేడకుప్పను వారమునకు లోపుగా కదలించి పలుచగా ఆఱబెట్టుడు; తడి చెత్తకు మూత వేయుడు; వంటపాత్రలపై మూత లుంచుడు. ఈగ పిలువని చుట్టమని మనమందుము. దానికి పురిటిల్లు కట్టి, విస్తరి వేసి, పిలిచినవారము మనమే. ఆ రెండును మానినచో, మిగిలిన పనిని దాని పగవారు చూచుకొందురు.