గురియు, గుండును, గాయపడిన మృగమును
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



భారతము ఆదిపర్వమందలి పరీక్షిత్తు కథ ఇచ్చటి పెద్దలందరకును పరిచితమే. ఆ రాజు వేటకేగి యొక మృగమును బాణముతో కొట్టెను. అది పడలేదు; గాయముతోనే పరుగెత్తి అడవిలో కనుమరుగయ్యెను. దానిని వెదకుచు, అలసి, దప్పిగొని, మౌనవ్రతుడైన శమీకమునిని ప్రశ్నించెను. బదులు రాకపోగా కోపించి చచ్చిన పామును ఆయన మెడలో వేసెను. మునికుమారుని శాపము, తక్షకుని కాటు తరువాతి కథ. శాపమునకు మూలము కోపమందురు. ఆ కోపమునకు మూలమేమి? మృగమును కూల్చక గాయపరచి విడిచిన యొక బాణము! నేడు విల్లు పోయి తుపాకి వచ్చినది; బాణమునకు బదులు గుండు వచ్చినది. ధర్మము మాత్రము మారలేదు.

కామారెడ్డి, ఎల్లారెడ్డి సీమలకు వేట క్రొత్తది కాదు. ఎల్లారెడ్డికిని మెదకునకును నడుమనున్న పోచారము అడవి నైజాము ప్రభువుల వేటభూమి. 1916–1922 సంవత్సరముల నడుమ అచ్చట జలాశయము కట్టబడినది. 1952లో ఆ అడవి అభయారణ్యమైనది. వైశాల్యము సుమారు 130 చదరపు కిలోమీటర్లు. చుక్కల దుప్పి, కణుజు, మనుబోతు, కొండగొర్రె అందు సంచరించును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేడు దేశమందంతటను వేట నిషిద్ధము. కావున ఈ ప్రసంగము వేటకు పురికొల్పునది కాదు. అయితే ఆ చట్టమే, మనుష్యుల ప్రాణమునకో, నిలిచియున్న పైరునకో అపాయకరమైన మృగమును, అధికారి వ్రాతపూర్వకమైన అనుమతితో చంపించుటకు వీలు కల్పించినది. అట్టి వేళ తుపాకి పట్టువానికి ఏ గుండు తగునో తెలియకున్న, గాయపడిన మృగము ఊరిమీదికే వచ్చును.

గుండు బరువును గ్రెయినులలో కొలుతురు. ఏడువేల గ్రెయినులు ఒక పౌను. చిన్న రైఫిళ్లలో ప్రసిద్ధమైన పాయింటు 22 తూటాలోని సీసపు గుండు సాధారణముగా 40 గ్రెయినులు. అనగా ఇరువదియొక్క గురివింద గింజల యెత్తు. దాని వేగము క్షణమునకు సుమారు 1,080 అడుగులు. ఏబది గజములకు గురి సరిచేసిన యెడల నూరు గజముల వద్ద ఇంచుమించు ఆరంగుళములు దిగువకు వాలును. దూరమును సరిగా అంచనా వేయలేనివానికి ఈ యారంగుళములే అపరాధము.

గురి కుదురుటకు మూడు కారణములు కలవు. మొదటిది గొట్టములోని మెలిగాడులు. బొంగరము తిరుగునంతవరకే నిలిచినట్లు, గుండు తిరుగుచు పోయిననే తిన్నగా పోవును. పొడవైన గుండునకు వేగముగా తిరుగు గాడులు కావలెనని 1879లో గ్రీన్‌హిల్ అను ఆంగ్ల గణితవేత్త సూత్రము కట్టెను. పాయింటు 22 గొట్టమున సాధారణముగా పదునారంగుళములకు ఒక చుట్టు ఉండును. గాడులు లేని నాటు తుపాకికి ఈ బలము లేదు. రెండవది గుండ్ల సమానత్వము. బరువును అడుగుభాగమును ఒకే తీరుగా లేని గుండ్లు ఒకచోట పడవు. మూడవది ధ్వనివేగము. దానిని మించి బయలుదేరిన చిన్న గుండు దారిలో మందగించి ఆ హద్దును దాటునప్పుడు కదలిపోవును. అందుచేతనే పోటీలవారు ధ్వనికంటె మెల్లగా పోవు తూటాలనే కోరుదురు.

ఇంతకును ఏ తూటా మేలైనదో పెట్టెమీది వ్రాత చెప్పదు. ఆ రైఫిలే చెప్పవలెను. తుపాకిని ఆనుకొలుపుపై నిలిపి, ఒక్కొక్క రకమునకు అయిదేసి తూటాలు కాగితముపై కాల్చి, ఏ రకము రంధ్రములు దగ్గరగా పడునో దానిని గ్రహింపవలెను. ఒక్క దెబ్బ తగిలిన అది అదృష్టము. అయిదును ఒకచోట తగిలిన అది లెక్క.

అయితే గురి ఒక్కటే చాలదు, బలము కావలెను. 1964లో వెలువడిన పాయింటు 223 తూటా గుండు వ్యాసమున పాయింటు 22 కంటె వెంట్రుకవాసి కూడ పెద్దది కాదు. దాని శక్తి మాత్రము సుమారు పండ్రెండింతలు: మొదటిదానికి నూరు అడుగు పౌనులకు పైచిలుకు, రెండవదానికి దాదాపు 1,280. ఇంగ్లండు, వేల్సు దేశముల 1991 నాటి చట్టము, రెండు చిన్న జాతులను మినహాయించి, జింకను కొట్టు రైఫిలునకు 1,700 అడుగు పౌనులకు తగ్గని శక్తి యుండవలెనని శాసించుచున్నది. చెవులపిల్లికి చాలిన పాయింటు 22 గుండు డెబ్బది కిలోల దుప్పిని కూల్చునది కాదు; కుంటించునది.

గుండు నిర్మాణమును చూడవలెను. నిండుగా రాగితొడుగు గలది సన్నని రంధ్రము చేసికొని ఆవలికి పోవును. మృగము దూరముగా పోయి చచ్చును. మొన మెత్తనిది లోపల విచ్చుకొని త్వరగా పడగొట్టును. కలకత్తా చెంతనున్న డమ్‌డమ్ పేర ప్రసిద్ధికెక్కిన ఈ విచ్చు గుండ్లను 1899 నాటి హేగు ప్రకటన యుద్ధమున నిషేధించినది. మృగము విషయమున మాత్రము బాధను తగ్గించునది అదియే. మరల, చిన్న జంతువులకై పలుచని తొడుగుతో చేసిన తేలిక గుండు దుప్పి భుజముపై పైపైననే పగిలి, లోతుకు పోదు. కనుక జంతువునుబట్టి గుండు. చేతిలోనున్న గుండునుబట్టి జంతువు కాదు.

గురి నేర్వగోరు యువకులకు కాగితపు లక్ష్యము చాలును. ఏబది మీటర్ల పోటీలో పదియంకె వలయము వ్యాసము 10.4 మిల్లీమీటర్లే. హైదరాబాదున పెరిగిన గగన్ నారంగ్ 2012లో లండను ఒలింపిక్సున పది మీటర్ల గాలి రైఫిలు పోటీలో కాంస్యపతకము గడించెను. అచ్చట గురి తప్పిన అంకె తగ్గును. ఏ ప్రాణియు కుంటుచు అడవిలోనికి పోదు.

పూర్వపు వేటకథలలో పడిన మృగముల లెక్క కలదు. పారిపోయి పొదలలో చచ్చినవాని లెక్క ఏ పుస్తకమునను లేదు. జమతో పాటు ఖర్చును వ్రాయని లెక్క లెక్క కాదు. అధికారి అనుమతి చేతనున్నను, గురియందు గాని గుండునందు గాని సందేహమున్నవాడు తుపాకిని దించవలెను. పరీక్షిత్తు ఆ బాణమును విడువకున్న, శమీకుని ఆశ్రమమునకు పోవలసిన పనియే లేకపోయెడిది.