జాంబీలొస్తే మనమెక్కడికి పోతాం?

(సభల రెండో రోజు ఉదయం చేసిన ప్రసంగ పాఠం)



కార్యక్రమ పత్రంలో నా ప్రసంగం పేరు చూసి, "ఇది పిల్లల గదిలో జరగాల్సింది కాదుటండీ?" అని పొద్దున్న కాఫీ దగ్గర ఇద్దరు పెద్దలు అడిగారు. కాదండీ, ఇక్కడే జరగాలి. నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ని. ఒక సిస్టమ్ ఎప్పుడు, ఎక్కడ కూలిపోతుందో ముందుగా ఊహించి పెట్టుకోవడం మా వృత్తిలో సగం పని. జాంబీ కథలు రాసేవాళ్ళూ అదే పని చేస్తారు. కాకపోతే వాళ్ళు కూలగొట్టేది మొత్తం నాగరికతని.

జాంబీ అంటే తెలియనివాళ్ళ కోసం ఒక్క ముక్క. చచ్చినవాడు లేచి నడుస్తాడు. వాడికి ఆలోచన ఉండదు, ఆకలి మాత్రమే ఉంటుంది. వాడు కరిస్తే మీరూ అదే అవుతారు. అంతే.

మన దెయ్యాలకీ వీటికీ చాలా తేడా ఉంది. మన దెయ్యానికి పేరుంటుంది, ఊరుంటుంది, ఒక పగో తీరని కోరికో ఉంటుంది. మన బేతాళుడయితే మరీను, శవంలో దూరి కూడా కథలు చెప్పి చిక్కు ప్రశ్నలు వేస్తాడు. చందమామ చదివిన మన తరానికి శవం మాట్లాడకపోతేనే వింత. జాంబీ మాట్లాడడు, మీ మీద వాడికి కోపం కూడా లేదు. అందుకని భూతవైద్యుడూ వేపమండలూ పనిచెయ్యవు. మన పురాణాల్లో వాడికి దగ్గర చుట్టం ఎవరైనా ఉన్నారంటే అది రక్తబీజుడే. ఒక్కొక్క చుక్క నేల మీద పడితే ఒక్కొక్క రాక్షసుడు లేస్తాడు. కాళికాదేవి ఏం చేసింది? చుక్క నేల మీద పడకుండా చూసింది. అంటువ్యాధుల నిపుణులు ఈనాటికీ చెప్పేది అదే.

లెక్క చూడండి. ఇవాళ ఒక్క జాంబీ ఉన్నాడనుకుందాం. రోజుకి రెట్టింపు అవుతారనుకుందాం. ఇరవై రోజులకి పది లక్షలు దాటుతారు. ముప్ఫై మూడో రోజుకి ప్రపంచ జనాభా అయిపోతుంది. మొదటి వారంలో మాత్రం ఉన్నది 128 మందే. పేపర్లో నాలుగో పేజీ వార్త. మనిషి బుద్ధికి ఈ పెరుగుదల అందదు, అదే అసలు చిక్కు. 2009లో కెనడాలో ఒట్టావా, కార్లెటన్ విశ్వవిద్యాలయాల గణిత శాస్త్రజ్ఞులు దీన్ని నిజంగానే సమీకరణాలుగా రాశారు. (వాళ్ళలో ఒకాయన తన పేరు చివర ప్రశ్నార్థకం పెట్టుకుంటాడు, రాబర్ట్ స్మిత్? అని. అచ్చుతప్పు కాదు.) అరకొర క్వారంటైన్ వినాశనాన్ని వాయిదా వేస్తుందే గాని ఆపదని, గెలవాలంటే త్వరగా, మళ్ళీమళ్ళీ, ప్రతిసారీ ఇంకాస్త బలంగా ఎదురుదెబ్బ కొట్టాలని తేల్చారు. 2015లో కార్నెల్ పరిశోధకులు అమెరికా జనాభా పటం మీద ఇదే ఆట ఆడి, దాక్కోవడానికి ఉత్తర రాకీ పర్వతాలు మంచివన్నారు. అంటే మోంటానా వైపు. ఇండియన్ స్టోర్ ఎంత దూరమో వాళ్ళ పేపర్లో లేదు.

ఇంతకీ ఈ జాంబీలు ఎక్కడ పుట్టారు? హైతీలో. ఆ ప్రాంతం ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉన్నప్పుడు చెరకు తోటల్లో ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలు చచ్చేదాకా పనిచేశారు. చస్తేనన్నా విముక్తి అనుకునేవాళ్ళు. చచ్చాక కూడా ఎవరో లేపి మళ్ళీ తోటలో పనికి పెడితే? ఆ భయం పేరు జాంబీ. అంటే మొదట్లో జనం భయపడింది జాంబీ కరుస్తాడని కాదు, తామే జాంబీ అవుతామని. 1932లో వచ్చిన 'వైట్ జాంబీ' సినిమాలో కూడా వాళ్ళు చెరకు మిల్లులో గానుగ తిప్పే కూలీలే. బానిసత్వం రద్దయ్యాక అదే చెరకు కోసం మారిషస్‌కీ నటాల్‌కీ ఒప్పంద కూలీలుగా ఓడలెక్కినవాళ్ళలో మన తెలుగువాళ్ళూ ఉన్నారు. ఆ కథ వేరే రోజు చెప్పుకోవాల్సింది.

కరిచే జాంబీ మాత్రం మా ఊరివాడే. నేను పిట్స్‌బర్గ్‌లో పద్దెనిమిదేళ్ళుగా ఉంటున్నాను. అక్కడే చదువుకున్న జార్జ్ రొమేరో 1968లో 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్' తీశాడు. పట్టణానికి ఉత్తరాన ఎవాన్స్ సిటీ దగ్గర, నలుపు తెలుపుల్లో, చాలా తక్కువ డబ్బుతో. సినిమా పేరు మార్చినప్పుడు టైటిల్ కార్డు మీద కాపీరైట్ ముక్క ఎగిరిపోయింది. దాంతో ఆ సినిమా ఊరందరి సొత్తయింది, ఎవరు పడితే వాళ్ళు వేసుకున్నారు. పదేళ్ళ తర్వాత తీసిన రెండో జాంబీ సినిమా 'డాన్ ఆఫ్ ది డెడ్' మన్రోవిల్ మాల్‌లో తీశాడు. మీలో చాలామంది పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడికి వచ్చే ఉంటారు. ఆ మాల్ గుడికి కొద్ది మైళ్ళ దూరమే. స్వామివారి గుడి కట్టినదీ, ఆ మాల్‌లో రాత్రిళ్ళు షూటింగ్ జరిగినదీ దాదాపు ఒకే కాలంలో, 1970ల రెండో సగంలో. సినిమాలో చచ్చినవాళ్ళంతా పాత అలవాటు కొద్దీ మాల్‌కే వచ్చి తిరుగుతుంటారు. థాంక్స్‌గివింగ్ మర్నాడు అక్కడికి వెళ్ళి చూడండి, రొమేరో ఏమంత కల్పించలేదని తెలుస్తుంది. అదే అలవాటు కొద్దీ మనం గుడి కాంటీన్లో పులిహోర దగ్గర తేలతాం, అది వేరు.

మొదటి సినిమా ముగింపు చెప్పక తప్పదు. దానిలో హీరో బెన్ నల్లజాతి యువకుడు. రాత్రంతా పోరాడి తెల్లవారేదాకా బతికింది అతనొక్కడే. పొద్దున్నే తుపాకులతో జాంబీల వేటకి వచ్చిన ఊరిజనం, కిటికీలో కదిలిన మనిషిని చూసి జాంబీ అనుకుని కాల్చేస్తారు. మార్టిన్ లూథర్ కింగ్‌ని కాల్చి చంపిన ఏడాదే వచ్చిన సినిమా అది. నాకు జాంబీల కంటే ఆ తెల్లవారుఝామే భయంకరంగా ఉంటుంది. 2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లోని ఒలేతలో, పని అయ్యాక స్నేహితుడితో బార్లో కూర్చున్న మన తెలుగు ఇంజనీరుని ఒకడు పరాయివాడివంటూ కాల్చి చంపాడు. అదే చోట, మనవాళ్ళెవరో కూడా తెలియని ఇంకో అమెరికన్ అడ్డం వెళ్ళి తూటా తిన్నాడు. పక్కవాడు శత్రువా, రక్షకుడా అన్న ప్రశ్నకి రెండు జవాబులూ ఆ ఒక్క రాత్రే దొరికాయి.

ఈ కథలు చూసి పనికొచ్చే సంగతి నేర్చుకున్న ప్రభుత్వ శాఖలున్నాయి. 2011 మే నెలలో అమెరికా అంటువ్యాధుల కేంద్రం, అదే సీడీసీ, జాంబీలొస్తే ఇంట్లో ఏం సిద్ధంగా ఉండాలో ప్రకటించింది. మనిషికి రోజుకి ఒక గాలన్ నీళ్ళు, నిలవుండే తిండి, మందులు, ముఖ్యమైన కాగితాలు, ఇంట్లోవాళ్ళు విడిపోతే కలుసుకునే చోటు. జనం ఎంత ఎగబడ్డారంటే వాళ్ళ సర్వర్ చేతులెత్తేసింది. తుఫానుకీ భూకంపానికీ కావలసిన జాబితా కూడా అదే. తుఫాను జాబితా అంటే ఎవడూ చదవడు, జాంబీ అంటే చదువుతారు. అదే ఏడాది అమెరికా సైన్యంలో ఒక విభాగం జాంబీల మీద యుద్ధ ప్రణాళిక కూడా రాసుకుంది. శిక్షణ కోసం నిజమైన దేశం పేరు పెడితే గొడవలవుతాయని ఈ ఏర్పాటు. దానిలో శాకాహార జాంబీలని ఒక తెగ ఉంది. మనుషుల జోలికి రారుట, మొక్కలు తింటారుట. మన అసోసియేషన్ భోజనాల్లో వాళ్ళకి వేరే లైను పెట్టచ్చు.

సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇంకో మంచి ఉదాహరణ ఉంది. 2005 సెప్టెంబరులో 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్' ఆటలో ఒక రాక్షసుడు అంటించే రక్తరోగం, ఆ రాక్షసుడి చోటు దాటకూడనిది, పెంపుడు జంతువుల ద్వారా ఊళ్ళలోకి పాకింది. బగ్గే. కొట్లలో సరుకులమ్మే బొమ్మ మనుషులు చావకుండానే రోగం అంటించారు. కొందరు ఆటగాళ్ళు పని మానుకుని ఇతరులకి వైద్యం చేశారు. కొందరు సరదాకి కావాలని అంటించారు. దీని మీద 2007లో వైద్య పత్రికలో వ్యాసం వచ్చింది. 2020లో ఆ వ్యాసం మళ్ళీ తీసి చదివితే, ఒక్కొక్క పాత్రా మా వీధిలోనే కనబడింది.

2020 గురించి మీకు నేను చెప్పేదేముంది. టాయిలెట్ పేపర్ కోసం తోసుకున్నారు, నిజమే. మన ఇళ్ళలో మాత్రం నలభై పౌన్ల సోనామసూరి, కందిపప్పు, మూడు రకాల ఆవకాయ ఎప్పుడూ ఉండేవే. మాక్స్ బ్రూక్స్ 2003లో 'జాంబీ సర్వైవల్ గైడ్' రాసేముందు ఏ తెలుగు అమ్మ వంటింటినైనా చూసి ఉండాల్సింది. జాంబీ సినిమాల అభిమానులు ఆ రోజుల్లో మిగతావాళ్ళ కంటే సిద్ధంగా ఉన్నామని చెప్పుకున్నట్టు 2021లో ఒక అధ్యయనం వచ్చింది. మూడు వందల పైచిలుకు మంది తమ గురించి తాము చెప్పుకున్న జవాబులవి. అంతకు మించి బరువు మోపకూడదు.

అయితే ఈ సర్వైవల్ కథల్లో నాకు నచ్చనిది ఒకటుంది. వాటిలో ప్రణాళిక ఎప్పుడూ ఒకటే. కారెక్కు, తుపాకీ పట్టు, కొండల్లోకి పో, తలుపేసుకో. ఎవరొచ్చి తట్టినా తియ్యకు. నిజంగా విపత్తులు వచ్చినప్పుడు జనం అలా చెయ్యరు. రెబెకా సోల్నిట్ అనే రచయిత్రి 1906 శాన్‌ఫ్రాన్సిస్కో భూకంపం నుంచి 2005 కత్రినా దాకా తవ్వి, 2009లో ఒక పుస్తకం రాసింది. ఎక్కువమంది పక్కవాళ్ళకి అన్నం వండిపెట్టారు, పడవలేసుకుని వెళ్ళి తెచ్చారు. కత్రినా రోజుల్లో ప్రచారమైన దారుణాల్లో చాలావాటికి తర్వాత ఆధారం దొరకలేదు. ఆ పుకార్లని నమ్మి తుపాకులు పట్టినవాళ్ళే ఎక్కువ హాని చేశారు.

మా ఇంట్లో పిల్లలతో ఈ ఆట ఆడుతుంటాం. రాత్రి భోజనాల దగ్గర, జాంబీలొస్తే ఏం చేద్దాం అని. అబ్బాయి బేస్‌మెంటుకి తలుపులు బిగిస్తాడు, నీళ్ళు లెక్కేస్తాడు. ఒకరోజు మా చిన్నది అడిగింది, "నానమ్మని ఎలా తెచ్చుకుంటాం నాన్నా?" అని. సినిమాల్లో కథానాయకుడు ఊరికి అటు చివరున్న కూతురి కోసం, తల్లి కోసం జాంబీల మధ్య నుంచి కారు నడిపించుకుని వెళ్తాడు. మనకి మధ్యలో సముద్రాలున్నాయి. ఏ సినిమాలోనూ హీరో తల్లి తెనాలిలో ఉండదు.

అది మనకి నిజంగా జరిగింది. 2020 మార్చి ఆఖరి వారం నుంచి 2022 మార్చి ఆఖరి వారం దాకా ఇండియాకి మామూలు అంతర్జాతీయ విమానాలు లేవు. ప్రత్యేక విమానాలుండేవి, వాటికి సీటు దొరకాలి. 2021 మే 4 నుంచి ఇండియా నుంచి వచ్చేవాళ్ళ మీద ఇక్కడ ఆంక్షలు పెట్టారు. హెచ్-1 మీద వెళ్ళినవాళ్ళు తల్లిదండ్రుల దహనాలకి వెళ్ళి తిరిగి రాలేక నెలల తరబడి అక్కడే ఉండిపోయారు. సరిగ్గా ఆ మే నెలలో మా అమ్మకి జ్వరం వచ్చింది. తెనాలిలో మూడో అంతస్తు ఫ్లాట్‌లో ఒక్కత్తే. నా దగ్గర ఎక్సెల్ షీట్ ఉంది, ఆసుపత్రుల ఫోన్ నంబర్లున్నాయి, ఆక్సిజన్ దొరికే ఊళ్ళ పేర్లున్నాయి. ఎక్కడా ఫోను ఎత్తేవాళ్ళు లేరు.

పై అంతస్తులో డిగ్రీ చదివే కుర్రాడొకడున్నాడు. మా అమ్మకీ వాళ్ళింటికీ అంతకు ముందు మోటారు నీళ్ళ దగ్గర చిన్న గొడవ కూడా ఉంది. వాడు ఒక ఆక్సీమీటరు కొనుక్కొచ్చి గుమ్మం ముందు పెట్టాడు. వాళ్ళమ్మ పంపిన టిఫిన్ కారియర్ రెండుపూటలా అక్కడే పెట్టి, బెల్లు కొట్టి, మెట్ల మీద దూరంగా నిలబడేవాడు. అమ్మ తలుపు తీసి, వేలికి తగిలించుకుని, వాడికి కనబడేట్టు చెయ్యి ఎత్తి చూపించేది. వాడు ఫొటో తీసి పంపేవాడు. "అంకుల్, మామ్మగారికి ఇవాళ 93." ఒకరోజు 90 వచ్చింది. ఆ రాత్రి వాడు మెట్ల మీదే పడుకున్నాడని తర్వాత తెలిసింది. పదిహేడు రోజులు. అమ్మ బయటపడింది. అదే వీధిలో ఆ నెలలో నలుగురు పోయారు. వాళ్ళ పిల్లల్లో ఇద్దరు డల్లాస్‌లో, ఒకరు లండన్‌లో ఉన్నారు.

జాంబీ కథల్లో అందరూ తలుపులకి అడ్డంగా బల్లలు మేకులు కొట్టుకునే వేళ, తలుపు బయట మెట్ల మీద పడుకునే పాత్ర నాకింతవరకూ తారసపడలేదు. నేను రాయగలిగితే ఆ పాత్రనే రాస్తాను. రాయలేను కాబట్టి ఇంకో పని చేశాను. మా ఫ్రిజ్ మీద ఒక కాగితం ఉంది. సీడీసీ జాబితా కాదు. అమ్మ ఇంటికి నడిచి వెళ్ళగలిగిన దూరంలో ఉన్న ముగ్గురి పేర్లు. ఒకరి దగ్గర తాళంచెవి ఉంటుంది, ఒకరికి బండి ఉంది, ఒకరికి ఆవిడ మందుల పేర్లు తెలుసు. ఊరు వెళ్ళినప్పుడల్లా ముగ్గురి ఇళ్ళకీ వెళ్ళి కూర్చుని కాఫీ తాగి వస్తాను. కాగితం రెండో వైపు పిట్స్‌బర్గ్‌లో మా పక్క రెండిళ్ళవాళ్ళ నంబర్లున్నాయి. ఎడమ పక్కింటి ముసలాయనకి తన పిల్లల నంబర్లు కూడా మాకిచ్చే ఉద్దేశం ఉందిట, ఆలోచిస్తున్నాడు. మాగాయ ఇచ్చి ఒప్పిస్తున్నాం.

ప్రశ్నలకి పది నిమిషాలున్నాయని అధ్యక్షులు వేళ్ళు చూపిస్తున్నారు. అడగండి. జాంబీని ఎక్కడ కొడితే చస్తాడు అన్న ప్రశ్న మాత్రం నన్నడగొద్దు, వెనక వరసలో మా అబ్బాయి ఉన్నాడు, నాకంటే బాగా చెబుతాడు.