ప్రియదర్శిని పెట్టె



ఫిల్మ్‌నగర్‌లో పొద్దుటి నడకయ్యాక మేం నలుగురం పేపరు చదివి, ప్రతి సైన్సు వార్తకూ ఓ చమత్కారం తగిలిస్తాం. లైఫ్ సర్టిఫికెట్ కోసం 2014లో ‘జీవన్ ప్రమాణ్’ వచ్చి వేలిముద్ర అడిగితే, “ఫైళ్లు తిప్పి అరిగిపోయిన వేళ్లయ్యా!” అన్నాడో మిత్రుడు. 2021లో ఫోనుకు ముఖం చూపితే చాలన్నారు. “ఈ పేటలో మేకప్ లేకుండా కెమెరా ముందుకొచ్చేది మనమే!” అన్నాను.

1957 నాటి ‘మాయాబజార్’లో ప్రియదర్శిని పెట్టె తెరిస్తే శశిరేఖకు అభిమన్యుడు కనిపించాడు. ఇప్పటి పెట్టె మనం బతికున్నామా అని చూస్తోంది. మంచిదే! మంచాన పడ్డ మిత్రుడికి ఆఫీసు మెట్లు తప్పాయి. కానీ ఏడాదికోసారి ఆ మెట్ల మీద వాణ్ణి చూసే భాగ్యం మనకూ తప్పింది.

అందుకే నా మనవి: నవంబరులో మనమే వాడింటికెళ్లి ఫోను పట్టుకుందాం. మనల్ని చూసి వాడు నవ్వితే, అదే అసలు సర్టిఫికెట్.

సెలవు.