పూచీ పడే ప్రేమ
(ప్లాటినం జూబిలీ సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బయి ఐదు వసంతాలు పూర్తిచేసుకున్న మన పాఠశాల ఉత్సవ సందర్భంలో "క్రైస్తవ ప్రేమ - పేద యువత స్వయం ఉపాధి" అనే అంశంపై నాలుగు మాటలు చెప్పమని ఉత్సవ సంఘం వారు నన్ను ఆదేశించారు. మన బడిలో అన్ని మతాల పిల్లలూ ఒకే బల్లమీద కూర్చుని చదువుకుంటున్నారు. కనుక నేను మతబోధకు పూనుకోవడం లేదు. ఒక మతగ్రంథం బోధించిన ప్రేమ కొందరి చేతులలో ఏ విధంగా ఆచరణగా మారిందో, అది మన కోలారు బంగారు గనుల యువతకు ఏమి నేర్పగలదో మనవి చేస్తాను.

జూబిలీ అనే మాటే మనకు బైబిలునుండి వచ్చింది. లేవీయకాండం యాభయ్యవ ఏటిని సునాద సంవత్సరంగా పాటించమన్నది. ఆ ఏడు అమ్ముకున్న భూమి తిరిగి సొంత కుటుంబానికి చేరాలి. పేదరికంవల్ల దాస్యంలోకి పోయినవాడు విడుదల పొందాలి. అంటే జూబిలీ అనగా తోరణాలూ విందులూ మాత్రమే కాదు, పడిపోయినవానికి మళ్లీ మొదలుపెట్టే అవకాశం. ద్వితీయోపదేశకాండంలో మరొక కట్టడ ఉన్నది: అప్పుకు తిరగలిని తాకట్టు పట్టరాదు. తిరగలి ఆ ఇంటి జీవనాధారం. అప్పిచ్చినవాని హక్కుకన్న, పుచ్చుకున్నవాని పనిముట్టు గొప్పదని ఆ శాసనం భావం.

లూకా సువార్తలోని మంచి సమరయుని కథ మీలో చాలామంది ఎరిగినదే. దారిపక్కన పడివున్నవాని గాయాలు కట్టడం మనకు గుర్తుంటుంది. కాని అతడు పూటకూళ్లవానికి రెండు దేనారాలు ఇచ్చి, ఇంకా ఏమైనా ఖర్చయితే తిరిగివచ్చినప్పుడు తీరుస్తానని మాట ఇచ్చిన సంగతిని మనం అంతగా పట్టించుకోము. అది కేవలం దానం కాదు, పూచీ. పైగా ఆ గాయపడినవాడు తన జాతివాడు కాడు. పొరుగువాడెవరన్న ప్రశ్నకు క్రీస్తు చెప్పిన సమాధానం అదే.

ఈ పూచీని ఒక వ్యవస్థగా మలచినవాడు జర్మనీ దేశస్థుడైన ఫ్రెడరిక్ విల్‌హెల్మ్ రైఫైజెన్. 1818లో జన్మించిన ఆయన వైయర్‌బుష్ అనే పల్లెప్రాంతానికి మేయరుగా ఉండగా, 1846-47 శీతకాలంలో కరవు వచ్చింది. ఆయన కలిగినవారినుండి డబ్బు సమకూర్చి రొట్టెలు కాల్పించి, పేదలకు అరువుగా ఇప్పించాడు. తరువాత రైతులు పశువులు కొనుక్కోవడానికి సహాయ సంఘం పెట్టాడు. అయితే ధనికుల దయమీద నిలిచిన సంఘం ఆ దయ ఉన్నంతకాలమే నిలుస్తుందని అనుభవం ఆయనకు నేర్పింది. 1864లో హెడ్డెస్‌డార్ఫ్‌లో అప్పు తీసుకొనేవారినే సభ్యులుగా చేసి పరపతి సంఘాన్ని స్థాపించాడు. ఒకరి బాకీకి అందరూ జవాబుదారులు. తన కృషికి పునాది పొరుగువానిపట్ల క్రైస్తవ ప్రేమయేనని ఆయన బాహాటంగా చెప్పుకున్నాడు.

ఆ దీపం మన దేశానికి మద్రాసు ద్వారా వచ్చింది. మద్రాసు ప్రభుత్వం 1892లో ఫ్రెడరిక్ నికల్సన్‌ను ఈ సంఘాల పరిశీలనకు నియమించగా, ఆయన నివేదికలు 1895, 1897 సంవత్సరాలలో వెలువడ్డాయి. 1904లో సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది. 1905లోనే మన కర్ణాటకలోని గదగ్ సమీపాన కణగినహాళ్‌లో రైతుల సంఘం వెలసింది.

మంగుళూరులో బాసెల్ మిషన్ వారు మరొక దారి తొక్కారు. మతం మారి కులవృత్తికి దూరమైనవారికి పని చూపడానికి నేతశాలలు, 1865లో పెంకుల కర్మాగారం నెలకొల్పారు. అది ఎందరికో అన్నం పెట్టింది. అయినా జీతం యజమానితో ముడిపడినది. మొదటి ప్రపంచయుద్ధం వచ్చేసరికి ఆ కర్మాగారాలు చేతులు మారాయి. ఈ పాఠం మనకు వేరే చెప్పనక్కరలేదు. నూట ఇరవై ఏళ్లు బంగారం తవ్విన మన ఊరిలో 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. నేటికీ మన పిల్లలు తెల్లవారకముందే మారికుప్పంలో రైలెక్కి బెంగుళూరు పోయి, చీకటిపడ్డాక ఇల్లు చేరుతున్నారు. వారిలో కుట్టుపని, వెల్డింగు, విద్యుత్ పనులు నేర్చినవారెందరో ఉన్నారు. పనితనం ఉంది, నిలబడడానికి చోటు లేదు.

అయితే ఒక హెచ్చరిక చేయవలసి ఉన్నది. అప్పు ఇవ్వడమే ప్రేమ కాదు. 2010లో ఆంధ్రప్రదేశ్‌లో సూక్ష్మరుణాల వసూళ్ల వేధింపులు ప్రాణాలమీదికి తేగా, ప్రభుత్వం అత్యవసరంగా ఆర్డినెన్సు తెచ్చింది. 2025లో కర్ణాటక ప్రభుత్వం కూడా అటువంటి ఆర్డినెన్సే జారీచేయవలసి వచ్చింది. రైఫైజెన్ చెప్పిన ఉమ్మడి పూచీ అక్కడా ఉన్నది. కాని పొరుగువారిని కాపాడవలసిన ఆ కట్టు, వాయిదా తప్పిన ఇల్లాలి వాకిట పదిమందిని కూర్చోబెట్టే సాధనమైంది. పద్ధతి అదే, ప్రేమ తొలగిపోయింది. అంతే తేడా.

నేడు తాకట్టు లేకుండా అప్పిచ్చే పథకాలు లేకపోలేదు. 2015లో మొదలైన ముద్రా పథకంలో యాభై వేలవరకు "శిశు" రుణం ఉన్నది. కాని ఇంటిలో మొదటిసారి బ్యాంకు గడప తొక్కే పిల్లవాడు దరఖాస్తు దగ్గరే తడబడుతున్నాడు. కొటేషను ఎవరివ్వాలి? లెక్కలు ఎవరు చూడాలి? దుకాణానికి అడ్వాన్సు ఎక్కడిది? అన్నిటికంటె, మొదటి ఖాతాదారు ఎవరు? పథకం డబ్బివ్వగలదు; పక్కన నిలబడలేదు. అక్కడే మనవంటివారి పని మొదలవుతుంది.

కనుక పూర్వవిద్యార్థులకు నా మనవి మూడు విషయాలు. మొదటిది, మీలో స్థిరపడిన ప్రతివారూ ఒక యువతినో యువకునో ఎంచుకొని, ఏడాదిపాటు నెలకొకసారైనా కూర్చుని వారి జమాఖర్చులు చూడండి. రెండవది, మొదటి పని మీరే ఇప్పించండి. మన బడి యూనిఫారాలు మన బడిలో చదివిన అమ్మాయి ఎందుకు కుట్టకూడదు? విరిగిన బల్లలు మన వెల్డరు ఎందుకు అతకకూడదు? మూడవది, జూబిలీ ఖర్చులు పోను మిగిలిన సొమ్ముతో ఒక చిన్న నిధి ఏర్పరచండి. దానికి వడ్డీ ఉండరాదు, కుట్టుమిషను తాకట్టు పెట్టుకోరాదు, కులమతాలు అడగరాదు.

డబ్బు మునిగిపోదా అని కొందరు అడగవచ్చు. కొంత మునుగుతుంది. ప్రేమ గుడ్డిది కానక్కరలేదు. పనిని చూసి, మనిషిని ఎరిగి, లెక్క అడిగి ఇవ్వవలసిందే. ఎగవేసినవానిని నిలదీయవలసిందే. కాని జబ్బుచేసో, బేరాలు లేకో చితికిపోయినవానికి రెండవసారి చెయ్యందించడమే సునాద సంవత్సరపు ధర్మం. పరీక్ష తప్పిన పిల్లవానికి మనం మళ్లీ రాయడానికి అవకాశమిస్తున్నాము గదా! జీవితంలో తప్పినవానికి ఎందుకివ్వరాదు?

ఈ బడి మనకు అక్షరాలు నేర్పింది. ఆ అక్షరాలతో మరొకరి దరఖాస్తుమీద పూచీదారుగా సంతకం చేయగలిగిన నాడు, మనం గురువుల ఋణం కొంత తీర్చుకున్నవారమవుతాము. ఆ సంతకానికి ముందుకు వచ్చేవారు ఈ సభ ముగిసిన తరువాత నా గదిలోని పుస్తకంలో పేరు రాయవలసిందిగా ప్రార్థిస్తున్నాను.