రెండు జాబితాలు – ఒక గ్రామము

పంచాయతీ సభ్యులారా,

గ్రామమున ఏ పని తలపెట్టినను ముందుగా మన చేతికి వచ్చునది జాబితా. ఒక జాబితాను చదువుట సులభమే. రెండు జాబితాలను కలిపి చదువునప్పుడే చిక్కు వచ్చును. ఆ చిక్కును విప్పునది సమితుల లెక్క. జర్మనీ దేశమున పనిచేసిన గణితాచార్యుడు జార్జి కాంటర్ (1845–1918) దీనికి పునాది వేసెను.

స్పష్టముగా నిర్ణయింపబడిన వస్తువుల లేక వ్యక్తుల కూటమియే సమితి. 'మంచివారు' అన్నచో సమితి కాదు. మంచివారెవరో ఒక్కొక్కరు ఒక్కొక్క విధముగా చెప్పుదురు. 'ఈ గ్రామపు ఓటర్ల జాబితాలో పేరు గలవారు' అన్నచో సమితి యగును. 1992లో ఆమోదింపబడిన 73వ సవరణతో రాజ్యాంగమున చేరిన 243వ అధికరణము గ్రామసభను ఈ తీరుననే నిర్వచించినది.

ఇపుడొక లెక్క చేయుదము. ఒక గ్రామమున 200 ఇండ్లు కలవనుకొందము. ఇదియే మన విశ్వసమితి. కుళాయి గల ఇండ్లు 120. మరుగుదొడ్డి గల ఇండ్లు 90. ఈ రెండంకెలను కూడినచో 210 వచ్చును. ఉన్న ఇండ్లే 200 గదా! అట్లు వచ్చుటకు కారణము, రెండు సౌకర్యములును గల ఇండ్లను మనము రెండు మారులు లెక్కించుటయే.

రెండు జాబితాలలోను కనబడు పేర్లను గుర్తింపగా 50 ఇండ్లు తేలినవనుకొందము. దీనికి ఛేదనమని పేరు. 210 నుండి 50 తీసివేసిన 160 మిగులును. ఏదో యొక సౌకర్యమైనను గల ఇండ్లివి; ఇది సమ్మేళనము. మొత్తము 200 నుండి 160 తీసివేసిన 40. ఇది సమ్మేళనమునకు పూరక సమితి. ఈ 40 ఇండ్లకు కుళాయియు లేదు, మరుగుదొడ్డియు లేదు.

ఈ 40 ఇండ్ల పేర్లు ఏ జాబితాలోను లేవు. 210 అను తప్పు మొత్తమును నమ్మినచో గ్రామమున ఎవరికిని కొరత లేదని తోచును. అందరికంటె అవసరము గలవారే మరుగున పడుదురు.

ఈ 40ని మరియొక దారిని సరిచూడవచ్చును. కుళాయి లేని ఇండ్లు 80. మరుగుదొడ్డి లేనివి 110. ఈ రెండు జాబితాలలోను గల పేర్లను ఏరినచో సరిగా ఆ 40 ఇండ్లే వచ్చును. సమ్మేళనపు పూరకము, పూరకముల ఛేదనమునకు సమానమను ఈ సూత్రము డి మోర్గాన్ పేరిట ప్రసిద్ధము. ఆయన 1806లో నాటి మద్రాసు రాజధానిలోని మదురైలో జన్మించెను. మన కోస్తా, రాయలసీమ ప్రాంతములును నాడు ఆ రాజధానిలోనివే.

అభ్యాసమునకు సమావేశమున నేలపై సుద్దతో ఒక చతురస్రమును, అందులో ఒకదానినొకటి ఖండించు రెండు వలయములను గీయుడు. ముందు నడిమి భాగమున 50 వ్రాయుడు. పిదప కుళాయి మాత్రమే గలవి 70, మరుగుదొడ్డి మాత్రమే గలవి 40, వలయముల వెలుపల 40 వ్రాయుడు. నాలుగును కూడిన 200 రావలెను. రానిచో జాబితాలో ఎచ్చటనో తప్పు కలదు.

మరియొకటి మీకే విడచుచున్నాము. 160 రైతు కుటుంబములలో 100 వరి, 70 వేరుసెనగ, 30 రెండును పండించుచున్నవి. ఏదియు పండింపనివి ఎన్ని? 20 అని వచ్చినచో మీ లెక్క సరియే.

అంకె వచ్చుటతో పని ముగియదు. ఇంటింటి జాబితాను ముందుంచుకొని, వలయముల వెలుపలి వారి పేర్లను వ్రాసి, గ్రామసభలో చదివి వినిపింపుడని కోరుచున్నాము.