పడ్డారా అని అడగండి

ఈరోజు పట్టాలు అందుకుంటున్న ఫిజియోథెరపీ, నర్సింగ్ విద్యార్థులకు అభినందనలు.

పొన్నూరులో ఇద్దరు పెద్దవాళ్లు కలిస్తే కుశలప్రశ్న "షుగర్ ఎంతుంది?" అనే. 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ లెక్కల్లో దేశంలో మధుమేహులు 10 కోట్ల పైమాటే. అందుకే ఆ ప్రశ్నలో వింత లేదు. "ఈ ఏడాదిలో ఎప్పుడైనా పడ్డారా?" అని మాత్రం ఎవరూ అడగరు.

అడగకపోతే వాళ్లు చెప్పరు. చెబితే కొడుకు పొలం వెళ్లనివ్వడు, కోడలు గుడికి ఒంటరిగా పంపదు. "గడప తగిలిందిలే" అని దాటేస్తారు. తుంటి ఎముక విరిగి గుంటూరు పెద్దాసుపత్రికి చేరాకగానీ అంతకుముందు పడ్డ సంగతులు బయటికి రావు.

ఈ రెండు ప్రశ్నలకూ సంబంధం ఉంది. షుగర్ ఏళ్ల తరబడి అదుపు తప్పితే అరికాళ్ల నరాలు మొద్దుబారతాయి. కాలు ఎక్కడ ఆనిందో మెదడుకు సరిగా అందదు. ఆ లోటును చూపు కొంత పూడుస్తుంది. అందుకే పగలు నిక్షేపంగా తిరిగే మనిషి, రాత్రి లైటు వేయకుండా బాత్రూముకి లేచి తూలిపోతాడు. షుగర్ కంటిపొరనూ దెబ్బతీస్తే ఆ ఆసరా కూడా పోయినట్టే. "దూది మీద నడుస్తున్నట్టుంది", "చెప్పు జారిపోయినా తెలియలేదు" అంటారు రోగులు. మీ పాఠ్యపుస్తకంలో పేజీలకు పేజీలు చెప్పిన లక్షణాలు ఆ రెండు మాటల్లోనే ఉన్నాయి. ఆ మాటలను కేసుషీటులో ఉన్నదున్నట్టే రాయండి.

మందుల చీటీ కూడా చూడండి. షుగర్ తగ్గించే గ్లిమెపిరైడ్ మింగి, శనివారం ఒక్కపొద్దని అన్నం మానేసిన పెద్దావిడకు షుగర్ పడిపోవచ్చు. కళ్లు తిరుగుతున్నాయనేవాళ్లకు పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి మూడు నిమిషాల్లోపు మరోసారి బీపీ చూడండి. పై అంకె 20 తగ్గితే కళ్లు తిరగడానికి ఒక కారణం దొరికినట్టే.

పడే ముప్పు కనిపెట్టడానికి యంత్రాలేమీ అక్కర్లేదు. ఒక కుర్చీ, 3 మీటర్ల దూరాన సుద్దగీత చాలు. లేచి, గీతదాకా నడిచి, తిరిగొచ్చి కూర్చోవడానికి 12 సెకన్లు, ఆపైన పడితే ముప్పు ఉన్నట్టు. అలాగని మంచానికి అతుక్కుపోయేలా భయపెట్టకండి. కదలని కాలు ఇంకా బలహీనపడుతుంది. వ్యాయామం చేసే పెద్దల్లో పడిపోవడాలు సుమారు 23 శాతం తగ్గుతాయని 2019 కాక్రేన్ సమీక్ష తేల్చింది. ఉత్త వాకింగ్ చాలదు. వంటగట్టు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడటం, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడం నేర్పండి.

ఇక గుడి సంగతి. పొన్నూరు సహస్రలింగేశ్వరస్వామి దర్శనానికి చెప్పులు విడిచి వెళ్లాల్సిందే. వేసవిలో కాలిన నేల మీద స్పర్శ లేని అరికాలు బొబ్బలెక్కినా తెలియదు. వెళ్లొద్దని చెప్పకండి, వినరు కూడా. ఎండ ఎక్కకముందే వెళ్లమనండి. ఇంటికొచ్చాక అరికాళ్లు అద్దంలో చూసుకోమనండి, చూపు ఆనకపోతే మనవణ్ణి పిలిచి చూపించుకోమనండి.