చేతికి నేర్పవలసిన పాఠం

(మహిళా ఆరోగ్య కార్యకర్తల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను వైద్యురాలిని కాను; హిందీ కరపత్రాలను తెలుగులోకి అనువదించేదానిని. స్తనాలను స్వయంగా పరీక్షించుకొనే విధానాన్ని స్త్రీలకు ఎలా బోధించాలన్న సమస్య మొదట భాషలోనే ఎదురవుతుంది. హిందీలోని 'గాంఠ్' అన్న మాటకు తెలుగులో 'గడ్డ' అని వ్రాస్తాము. గడ్డ అనగానే మనకు సలుపు, చీము గల సెగగడ్డ స్ఫురిస్తుంది. కాని స్తన కాన్సర్ కంతి తొలిదశలో సాధారణంగా నొప్పి పెట్టదు. నొప్పి లేదు గదా అని స్త్రీ ఉపేక్షించే ప్రమాదం ఉన్నది. కనుక 'నొప్పి లేకపోయినా' అన్న మాట కరపత్రంలో తప్పక ఉండాలి.

చదువురాని వారికి కరపత్రం చాలదు. చిత్రపటాలు, చలనచిత్రాలు, బుర్రకథలు సంకోచాన్ని పోగొట్టగలవు. నేర్పు మాత్రం చేతికి రావాలి. లోపల చిన్న ఉండలు అమర్చిన మెత్తని నమూనాను నడిమి మూడు వేళ్లతో తడిమి చూచినప్పుడే తేడా తెలుస్తుంది. బహిష్టు మొదలైన 7 నుంచి 10 రోజుల మధ్య, ముట్లుడిగినవారు నెలకొక నిర్ణీత తేదీన, చంకల వరకు తడిమి చూసుకోవాలి. చర్మం సొట్టపడటం, చనుమొన లోపలికి పోవడం, రక్తస్రావం కూడా గమనించవలసిన సూచనలే.

అయితే ఇంతటితో బోధన ముగియదు. షాంఘైలో 1989-91 మధ్య 2,66,000 మందికి పైగా జౌళి కార్మిక స్త్రీలను చేర్చుకొని, వారిలో సుమారు సగం మందికి స్వీయ పరీక్షను శ్రద్ధగా నేర్పారు. నేర్చినవారిలో మరణాలు తగ్గలేదని 2002లో వెల్లడైంది. ముంబయిలో టాటా స్మారక కేంద్రం 1998లో ఆరంభించిన అధ్యయనంలో, శిక్షణ పొందిన మహిళా కార్యకర్తలే రెండేళ్లకొకసారి స్త్రీలను పరీక్షించారు. 50 ఏళ్లు దాటినవారిలో స్తన కాన్సర్ మరణాలు సుమారు 30 శాతం తగ్గినట్లు 2021లో ప్రకటితమైంది.

దీనిని బట్టి స్వీయ పరీక్ష వ్యర్థమని భావించరాదు. తన శరీరంలోని మార్పు మొదట తెలిసేది ఆ స్త్రీకే. కాని అది శిక్షితుల పరీక్షకు బదులు కాజాలదు. 30 ఏళ్లు దాటిన స్త్రీలకు ఐదేళ్లకొకసారి ఆ పరీక్ష జరపాలని కేంద్ర ప్రభుత్వం 2016లో మార్గదర్శకాలు వెలువరించింది.

కంతులన్నీ కాన్సర్ కావు. అధిక భాగం కావనే చెప్పి ధైర్యం కలిగించండి. ఏది ఏమిటో నిర్ణయించవలసినది వైద్యులే. కనుక మీ ప్రతి పాఠం చివర, ఏ రోజున, ఏ ఆరోగ్య కేంద్రానికి, ఎవరి వద్దకు వెళ్లాలో స్పష్టంగా చెప్పండి; వీలైతే మీరే వెంట వెళ్లండి.